చెక్క నేల మీద తడి

జనగామలో మేము ఇల్లు కట్టుకుని పంతొమ్మిదేళ్లయింది. మా ఆయన కరుణాకర్‌కు సూర్యాపేట రోడ్డులో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఇంట్లో అన్ని గదుల్లోనూ షాబాద్ బండలే. అప్పట్లో అందరూ అవే వేయించేవాళ్లు. నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, వానాకాలం పొద్దున్నే మంచం దిగి ఆ బండల మీద కాలు పెట్టాలంటే జంకుగా ఉండేది. చలి అరికాళ్ల నుంచి నడుము దాకా పాకేది.

హనుమకొండలో మా ఆడబిడ్డ ఇంట్లో చెక్క నేల చూశాను. అది అసలు చెక్క కాదు, లామినేట్ అంటారని ఆమె చెప్పింది. పాత బండలు పగలగొట్టే పని లేదు, వాటి మీదే పరుస్తారు, ఒక గదికి రెండు రోజులు చాలు అంది. మా పడక గదికి వేయించుకుందామంటే మా ఆయన కాదనలేదు.

ఆ పని చేయడానికి ఇమ్రాన్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. శ్రావణ మాసం, సోమవారం, ముసురు పట్టి ఉంది. మంచం, బీరువా హాల్లోకి జరిపి, గోడల వెంట పాత స్కర్టింగ్ బండలు ఊడదీయడం మొదలుపెట్టాడు. ముందు పల్చటి ఫోమ్ షీటు పరుస్తానని, దాని మీద పలకలు ఒకదానిలో ఒకటి బిగిస్తానని, ఈ పలకలు ఎండకు, వానకు పెరిగి తగ్గుతాయి కాబట్టి గోడ పక్కన వేలు పట్టేంత సందు వదలాలని చెప్పాడు. ఒక్క సంగతి మాత్రం రెండుసార్లు చెప్పాడు. దీని మీద తడిగుడ్డ పెట్టొద్దు. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బితే మళ్లీ మామూలు కాదు.

మధ్యాహ్నం టీ ఇవ్వడానికి వెళ్లేసరికి అతను గోడ అల్మారా ముందు కూర్చుని ఉన్నాడు. దాని కింది బండ ఊడివచ్చింది. సందులో వేళ్లు పెట్టి ఏదో లాగి, దుమ్ము ఊది, అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు.

"అక్కా, గిది మీదేనా?"

రెండు తులాల గొలుసు. నాదే. నాలుగేళ్ల కింద పోయింది.

పోయింది అని మేము ఎప్పుడూ అనలేదు. గోరీ తీసింది అన్నాం.

గోరీ మా ఇంట్లో ఆరేళ్లు పనిచేసింది. బయ్యారం దగ్గరి తండా వాళ్లది. భర్త భోజ్యా జనగామ పత్తి మార్కెట్‌లో హమాలీ. రైలు పట్టాల అవతల గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు. పొద్దున వచ్చి బోళ్లు తోమేది, మళ్లీ సరిగ్గా మూడింటికి వచ్చి బండలు తుడిచేది. చీమలు రాకుండా బకీట్ నీళ్లలో రెండు చుక్కలు కిరోసిన్ వేసుకునేది. గొంతుక్కూర్చుని, గుడ్డను అర్ధచంద్రంలా తిప్పుతూ, వెనక్కి వెనక్కి జరిగేది. జరిగినప్పుడల్లా ముక్కులోంచి చిన్నగా "హు" అనేది. నేను మంచం మీద కునుకు తీస్తూ ఆ శబ్దం వినేదాన్ని. ఇల్లు శుభ్రపడుతున్న శబ్దం అది. హాయిగా ఉండేది.

గొలుసు కనబడని రోజు ఏం చేశానో మొత్తం ఇప్పుడే చెప్పలేను. కొంత చెప్తాను. పక్కింటావిడను పిలిచాను. గోరీ నడుముకు ఉన్న సంచి విప్పించాను. జాకెట్‌లో చెయ్యి పెట్టి చూడమని పక్కింటావిడతో అన్నది నేనే. తలుపు తెరిచే ఉంది. వీధిలో వాళ్లు చూశారు. ఏమీ దొరకలేదు. పోలీసులకు చెప్పకుండా వదిలేశామని, అది మా మంచితనమని ఆ తర్వాత చాలామందితో చెప్పుకున్నాను. నెల తిరక్కుండానే భోజ్యాకు మార్కెట్‌లో పని పోయింది. వాళ్లు తండాకు వెళ్లిపోయారని విన్నాను.

ఇమ్రాన్ చెయ్యి ఇంకా చాపే ఉంది.

నాదే తమ్మీ, ఎప్పుడో జారిపోయినట్టుంది అన్నాను. దొరికింది గదా అక్కా, అదే సంతోషం అని నవ్వాడతను. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు. గొలుసు కడిగి, పాత చీర మడతల్లో పెట్టి, బీరువా తాళం వేశాను. మా ఆయనకు చెప్పలేదు. చెప్తే, ఇప్పుడేం చేద్దాం అని అడుగుతాడు. ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది.

మరునాడు పొద్దున ఇమ్రాన్ వచ్చి, బండల మీద తడేంది అక్కా అన్నాడు. కిటికీలోంచి జల్లు కొట్టిందేమో అనుకున్నాం. ఫ్యాన్ పెట్టి ఆరబెట్టి ఫోమ్ పరిచాడు. సాయంత్రానికి నేల తయారైంది. తేనె రంగు. కాలి కింద వెచ్చగా ఉంది. అడుగు వేస్తే లోపల గుల్లగా "టక్" అని చిన్న చప్పుడు. బండల మీద మనిషి నడిస్తే వినబడదు, దీని మీద పిల్లి నడిచినా వినబడుతుంది అన్నాడు ఇమ్రాన్.

బుధవారం మధ్యాహ్నం వాన. కరెంటు పోయింది. గది చీకటిగా ఉంది. మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాను. ఏదో వాసనకు మెలకువ వచ్చింది. మురికి గుడ్డ వాసన... అందులో కొంచెం కిరోసిన్.

లేచి చూస్తే నేల మీద తడి. అర్ధచంద్రాలు, ఒకదాని పక్కన ఒకటి, తలుపు దగ్గరి నుంచి మంచం దాకా. చివరిది ఇంకా మెరుస్తూ ఉంది.

పొడిగుడ్డతో గబగబా తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. గురువారం మళ్లీ. శుక్రవారం మళ్లీ. మూడు అయ్యేసరికి నేను హాల్లోకి వెళ్లి టీవీ సౌండు పెంచేదాన్ని. నాలుగింటికి వచ్చి తుడిచేదాన్ని. గోరీ పోయిన నాలుగేళ్లకు ఆ నేల తుడవడం నా పని అయింది.

వారం తిరిగేసరికి పలకల అంచులు లేచాయి. తడిగుడ్డ పెట్టొద్దని చెప్తే వినవా అని మా ఆయన కోప్పడ్డాడు. ఇమ్రాన్‌ను పిలిపించాడు. అతను మోకాళ్ల మీద కూర్చుని అంచులన్నీ తడిమి చూశాడు. ఒక పలక ఎత్తి కింద చెయ్యి పెట్టాడు.

"కింద పొడిగనే ఉన్నది అక్కా. పైనుంచే. ఎవరో రోజూ తడిగుడ్డ పెడుతుండ్రు." అల్మారా ముందు వేలితో గుండ్రంగా గీశాడు. "గీడ మాత్రం మస్తు రుద్దుతుండ్రు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అది గోరీ ఆ రోజు నిలబడిన చోటు.

ఆ మరునాడు బుధవారం. ఇవాళ చూసేస్తానని అనుకున్నాను. ధైర్యంతో కాదు. మా ఆయనకు చెప్పడం కన్నా అదే సులువనిపించింది. వీధి తలుపు గడియ పెట్టాను. వెనక తలుపు గడియ పెట్టాను. గది తలుపు కూడా వేసి, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. బయట చిన్న తుప్పర. కిటికీ అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. గడియారం ముల్లు కదులుతున్న చప్పుడు వినబడుతోంది.

ముందు వాసన వచ్చింది.

తర్వాత తలుపు దగ్గర నీళ్లలో గుడ్డ ముంచిన చప్పుడు. పిండిన చప్పుడు. ధారగా... తర్వాత చుక్కలు చుక్కలుగా.

బకీట్ లేదు. మనిషి లేదు.

నేల మీద, గుమ్మం ముందు, తడి గీత మొలిచింది. అర్ధచంద్రంలా తిరిగింది. ఆగింది. చెక్క మీద "టక్" అని బరువు జరిగింది.

"హు."

మళ్లీ గీత. మళ్లీ టక్. మళ్లీ...

మంచం దగ్గరికి వచ్చింది. నా కాళ్ల కింద నుంచి పోయింది. అల్మారా ముందుకు వెళ్లి అక్కడ ఆగింది. ఇంక జరగలేదు. ఒకే చోట రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూనే ఉంది. పలక అంచు నా కళ్ల ముందే లేస్తోంది.

ఇందాక చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్పాలి. ఆ రోజు వెతకడం అయిపోయాక గోరీ ఏడవలేదు. సంచి మళ్లీ కట్టుకుని వెళ్లబోయింది. నేను ఆపాను. నువ్వు నిలబడ్డ జాగ తుడిచి పో అన్నాను. ఆమె తుడిచింది. ఇంకా మరక పోలేదు, మళ్లీ తుడువు అన్నాను. మళ్లీ తుడిచింది. అలా ఎన్నిసార్లు అన్నానో గుర్తు లేదు. అక్కడ మరకేమీ లేదు. అది నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"గోరీ..." అన్నాను. గొంతు నాకే వినబడలేదు. "చాలు గోరీ..."

రుద్దడం ఆగింది.

గదిలో ఏ చప్పుడూ లేదు. అంతలో హాల్లోంచి, మూసిన తలుపు అవతల నుంచి, ఒక ఆడమనిషి గొంతు వినబడింది. విసుగ్గా, తాపీగా.

"ఇంకా పోలే. మళ్ల తుడువు."

అది నా గొంతు.

నేల మీద గుడ్డ మళ్లీ కదిలింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. గోరీ చచ్చిపోయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఆలోచనలో కొంచెం ఊరట కూడా కలిగింది. చచ్చిపోయిన మనిషి కళ్లలోకి చూడాల్సిన పని లేదు. గురువారం పొద్దున, మానుకోటలో తెలిసినవాళ్లను చూడడానికి పోతున్నానని మా ఆయనకు అబద్ధం చెప్పి రైలెక్కాను. గొలుసు పర్సులో పెట్టుకున్నాను. మానుకోటలో దిగి బయ్యారం బస్సు ఎక్కి, అక్కడి నుంచి ఆటోలో తండాకు చేరేసరికి రెండు దాటింది. వాన వెలిసింది. అందరూ నాట్లకు పోయినట్టున్నారు. ఇళ్ల ముందు ముగ్గురు నలుగురు ముసలివాళ్లు తప్ప మనుషులు లేరు.

భోజ్యా నన్ను గుర్తుపట్టాడు. ఎందుకొచ్చారని అడగలేదు. రేకుల వసారాలో ఉన్న మంచం చూపించాడు.

మంచం మీద గోరీ ఉంది. బతికే ఉంది.

బాగా చిక్కిపోయింది. రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని ఉంది. ఆ చేతులు చూడలేకపోయాను. రోజుల తరబడి నీళ్లలో నానినట్టు తెల్లగా ఉబ్బి, వేళ్ల కొసలు ముడతలు పడి, తోలు లేస్తోంది. మొన్న మొన్నటి దాకా కూలికి పోయిన మనిషేనని భోజ్యా చెప్పాడు. పది దినాల కింద, ఒక సోమవారం మధ్యాహ్నం మొదలైందట. మూడయితే చాలు, కూర్చున్నదల్లా కళ్లు మూసుకుని నేల మీదికి దిగుతుంది. ఉత్త చేతులతో మట్టి నేలను తుడుస్తుంది. పట్టుకుంటే ఆగదు. చేతులు మాత్రం ఎక్కడివో నీళ్లతో తడిసిపోతాయి. మానుకోట దవాఖానలో చూపిస్తే పూతమందు రాసిచ్చారట.

గోరీ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రోజూ వస్తనే ఉన్నరు గదమ్మా. ఇయ్యాల జర తొందరగ వచ్చిండ్రు."

మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. గొలుసు దొరికిందని చెప్పాను. ఇంట్లోనే, అల్మారా కింద సందులో ఉందని, నువ్వు తీయలేదని, తప్పు నాదేనని చెప్పాను. చుట్టూ ఉన్న ముసలివాళ్లు వినేలా గట్టిగా చెప్పాను. వీధి వీధంతా చూస్తుండగా నింద వేసి, ఇక్కడ ఎవరూ నన్ను ఎరగని చోట, నలుగురి ముందు ఒప్పుకుంటున్నాను. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది. పర్సులోంచి గొలుసు తీశాను. గా గొలుసు నా కండ్ల ముంగట పెట్టకుండ్రి అమ్మా అని ఆమె మొహం తిప్పుకుంది. మళ్లీ పర్సులో వేసుకున్నాను.

తర్వాత నా వైపు తిరిగింది.

"దొరికి ఎన్నొద్దులాయె?"

"పది దినాలు... సోమవారం దొరికింది."

భోజ్యా తలెత్తి నన్ను చూశాడు. గోరీ తన చేతులు చూసుకుంది. ఆరేళ్లు పనిచేసినన్నాళ్లూ నన్ను మీరు అనే అన్నది. అప్పుడు మొదటిసారి నువ్వు అంది.

"దొరికిన్నాడే రావద్దా నువ్వు?"

కోపంగా అనలేదు. అడిగింది, అంతే. ఆ మాట తర్వాత నా తల లేవలేదు. మట్టి నేల మీద ఆమె చేతులు చేసిన అర్ధచంద్రాలు కనబడుతున్నాయి. లోతుగా, నున్నగా.

భోజ్యా ఫోన్ తీసి టైం చూశాడు. వసారా తడిక దగ్గరికి జరిగి నిలబడ్డాడు. మూడయింది.

గోరీ ఒళ్లు బిగుసుకుంది. కళ్లు మూతలు పడుతున్నాయి. చేతులు దుప్పటి మీద మెల్లగా కదలడం మొదలయ్యాయి. వాటి కింద దుప్పటి తడవడం చూశాను. అంతలో ఆమె కష్టంగా కళ్లు తెరిచి వాకిలి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. మళ్లీ వాకిలి వైపు.

"పిలుస్తుండ్రు..." అంది గుసగుసగా. "మీ గొంతే. మీరు ఈడనే ఉన్నరు గద... మరి ఆడ ఎవరమ్మా?"

నాకు ఏమీ వినబడలేదు. వాకిట్లో ఎవరూ లేరు. ఒక కోడి మాత్రం రెక్కలు కొట్టుకుంటూ పక్కకు పరుగెత్తింది.

"ఏమంటున్నది?" అన్నాను.

"మరక పోలేదంటున్నది. పోయిందని ఒక్క మాట అనుండ్రి అమ్మా. మీరు అంటనే పోతది."

ఆ తడి చేతులు రెండూ పట్టుకున్నాను. మంచు ముక్కల్లా ఉన్నాయి.

"పోయింది గోరీ," అన్నాను. "మరకనే లేకుండె. ఎన్నడూ లేకుండె. ఇగ తుడువకు."

చేతులు రెండు మూడుసార్లు అదిరాయి. తర్వాత ఆగాయి. ఆమె పెద్దగా ఊపిరి వదిలి, పక్కకు తిరిగి పడుకుంది. పది రోజుల్లో ఇప్పుడే నిద్రపోయిందని భోజ్యా అన్నాడు. నన్ను మంచినీళ్లు తాగమని అడగలేదు. నాకు అడగాలనిపించలేదు. రోడ్డు దాకా వచ్చి ఆటో ఆపాడు. ఎక్కేముందు నా ఫోన్ నంబరు మాత్రం రాయించుకున్నాడు.

ఇంటికి వచ్చి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన, అయిపోయిందేదో అయిపోయింది, మళ్లీ వీధిలో చెప్పుకోవడం ఎందుకన్నాడు. అయినా మరునాడు పక్కింటికి వెళ్లాను. గొలుసు మా ఇంట్లోనే దొరికిందని ఆవిడతో చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ ఉంది. నువ్వు చూడమంటేనే నేను చూసిన అంది, తల ఎత్తకుండా. ఆ రోజు చూసిన మిగతా ఇళ్లకు కూడా వెళ్లాను. కొందరికి గోరీ ఎవరో గుర్తే లేదు. నేను గుర్తు చేసి, చెప్పి వచ్చాను. గుర్తు చేయాల్సి రావడం అన్నిటికన్నా సిగ్గుగా అనిపించింది.

గదిలో తడి మళ్లీ కనబడలేదు. ఇమ్రాన్ వచ్చి ఉబ్బిన పలకలు తీసి కొత్తవి వేశాడు. ఇప్పుడు నీళ్లు పెడుతలేరు గదా అక్కా అని అడిగాడు. లేదన్నాను. దసరా దగ్గర పడేసరికి గోరీ చేతులకు కొత్త తోలు వచ్చిందని, పత్తి చేనుకు పోతున్నదని భోజ్యా ఫోన్ చేసి చెప్పాడు. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మాత్రం చెప్పాడు, చాలు.

మధ్యాహ్నాలు మళ్లీ ఆ గదిలోనే పడుకుంటున్నాను. నిద్ర పట్టదు. కానీ పడుకుంటున్నాను.

నిన్న సాయంత్రం వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. ఈసారి గోరీ. చేతులెట్ల ఉన్నాయని అడిగాను. మంచిగనే ఉన్నాయంది. ఆమె ఏదో అడగడానికే చేసిందని తెలుస్తోంది.

"అమ్మా," అంది చివరికి, "గువ్వ అంటే ఎవరు?"

చేతిలో గరిటె పొయ్యి మీద పెట్టేశాను.

మహదేవపూర్‌లో మా అమ్మమ్మ నన్ను ఆ పేరుతో పిలిచేది. నాకు ఆరేళ్లప్పుడు ఆమె పోయింది. ఆ తర్వాత నన్ను ఎవరూ అలా పిలవలేదు. మా ఆయనకు కూడా ఆ పేరు తెలియదు.

"నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను.

"ఎవరు చెప్పలే. గా గొంతే... మీ గొంతే. రెండొద్దుల సంది మళ్ల మూడింటికి మా వాకిట్ల నిలబడి పిలుస్తున్నది." గోరీ గొంతు తగ్గించింది. "ఈసారి నన్ను గాదమ్మా. గువ్వా, మళ్ల తుడువు అంటున్నది."